వంతెన ఎక్కి ఏం చూడాలి?

గోదావరి మీద పాత హేవ్‌లాక్ వంతెన పర్యాటక కేంద్రం కాబోతోంది. దీపాలు తగిలించి సెల్ఫీలకి వదిలేయాలా, ఉక్కు బరువు మోసే తీరు జనానికి చూపించాలా? ఈ ప్రశ్నకీ చోడవరం దగ్గర కుంగిన వంతెనలకీ సంబంధం ఉంది.

చోడవరం చుట్టుపక్కల పల్లెలకి వంతెన గుర్తొచ్చేది వానాకాలంలోనే. తూర్పు కనుమల వైపు నుంచి దిగే శారద, బొడ్డేరు, పెద్దేరు, తాచేరు, వాటిలో కలిసే గెడ్డలు ఈ చెరకు నేలకి నీళ్లిస్తాయి. ముసురు పట్టినప్పుడు రోడ్లని తెంపేవీ అవే. భీమిలి నుంచి చోడవరం మీదుగా నర్సీపట్నం పోయే దారిని ఇక్కడ అందరూ బీఎన్ రోడ్డు అంటారు. ఆ దారిలో విజయరామరాజుపేట దగ్గర తాచేరు మీద, వడ్డాది దగ్గర పెద్దేరు మీద పాత వంతెనలు దెబ్బతిని, పక్కన డైవర్షన్లు వేసుకోవాల్సి వచ్చిన సంగతి ఈ ప్రాంతంలో తెలియనివాళ్లు లేరు. వంతెన కుంగితే చెరకు లోడు చుట్టు తిరిగి వెళ్లాలి, బస్సు అవతలి ఒడ్డునే ఆగిపోవాలి, అంబులెన్సు దారి వెతుక్కోవాలి. ఇంత జరిగినా, ఆ వంతెన ఎక్కడ కుంగడం మొదలైంది, దాని వయసెంత, ఎన్ని టన్నులు మోయడానికి కట్టారు, ఆఖరిసారి ఎవరు కిందికి దిగి చూశారు అని అడిగితే చెప్పగలిగేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ఏళ్ల తరబడి దాటినా మనం వంతెన పైభాగమే చూస్తాం. బరువు మోసేదంతా కిందే ఉంటుంది.

చోడవరం ఉన్న ఇదే పాత విశాఖ జిల్లాలో, 2022లో జిల్లాని విడదీసిన సరిహద్దులకి అటువైపు, దేశమంతా వచ్చి చూసే రైలు వంతెనలు ఉన్నాయి. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా 446 కిలోమీటర్ల కేకే లైను బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపాన్‌కి పంపడానికి 1960లలో కట్టినది. అనంతగిరి కొండల్లోకి ఎక్కి, 996 మీటర్ల ఎత్తున శిమిలిగుడ స్టేషన్ దాటి అరకు వైపు దిగే ఈ దారిలో 58 సొరంగాలు, 84 పెద్ద వంతెనలు ఉన్నాయని లెక్క. సొరంగం చీకట్లోంచి రైలు బయటపడగానే కాళ్ల కింద లోయ తెరుచుకుంటుంది. 2017లో అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టె తగిలించాక ఆ దృశ్యానికి గిరాకీ ఇంకా పెరిగింది. కానీ రైలు పెట్టెలోంచి కనిపించేది లోయ మాత్రమే. మనల్ని ఆ లోయ దాటిస్తున్న వంతెన సరిగ్గా మన కిందే ఉంటుంది కాబట్టి అది తప్ప మిగతావన్నీ కనిపిస్తాయి. కొన్ని క్షణాల్లో మళ్లీ చీకటి. ఖనిజం రైళ్లు ఎడతెగకుండా నడిచే ఆ పట్టాల మీదికి దిగి వంతెన చూడాలనుకోవడం నేరమే కాదు, ప్రాణాల మీదికి తెచ్చుకోవడం కూడా.

లోయ మీద ఎత్తైన ఉక్కు వంతెన తెలుగునేలలో ఇంకోచోట ఉండేది. గిద్దలూరు, నంద్యాల మధ్య నల్లమల అడవిలో, బొగడ సొరంగానికి దగ్గర్లో, 1880లలో సదరన్ మరాఠా రైల్వే మీటర్‌గేజి లైను కోసం కట్టిన దొరబావి వంతెన అది. లైను బ్రాడ్‌గేజికి మారినప్పుడు పట్టాలు వేరే దారి పట్టాయి, వంతెనకి పనిలేకుండా పోయింది. రైలు పోయాక వంతెనకి విలువ ఏముంటుందన్న ప్రశ్న అప్పుడు గట్టిగా అడిగినవాళ్లు లేరు. ఇప్పుడు అదే ప్రశ్న రాజమహేంద్రవరంలో మన ముందుంది. హేవ్‌లాక్ వంతెన కూడా కలిసిన అఖండ గోదావరి పర్యాటక పథకానికి 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. పథకం విలువ 94.44 కోట్ల రూపాయలు. ఈ వ్యాసం చెప్పదలుచుకున్నది ఒక్కటే. పని మానేసిన ఉక్కు వంతెన, పని చేస్తున్న వంతెనలన్నిటినీ అర్థం చేసుకోవడానికి దొరికే బడి. దాన్ని బడిగా ఉంచితేనే ఖర్చుకి న్యాయం జరుగుతుంది. అలంకరించి పార్కుగా మారిస్తే దొరబావిలాగే దీన్నీ పోగొట్టుకున్నట్టు.

ముందు ఆ వంతెన చేసిన పని చూద్దాం. మద్రాసు, కలకత్తాల మధ్య రైలు దారికి గోదావరి పెద్ద అడ్డం. వంతెన లేనంతకాలం రాజమండ్రి, కొవ్వూరుల మధ్య ప్రయాణికులు పడవల మీద నది దాటాల్సి వచ్చేది. 1897లో పని మొదలుపెట్టి 1900లో పూర్తిచేశారు. ఇంజనీరు గ్రాన్‌విల్ వాల్టన్. పేరు మాత్రం అప్పటి మద్రాసు గవర్నర్ సర్ ఆర్థర్ హేవ్‌లాక్‌ది. నది అడుగు ఇసుకలోకి లోతుగా పునాదులు దించి, రాతి స్తంభాలు లేపి, వాటి మీద ఒక్కొక్కటి 45.7 మీటర్ల చొప్పున 56 ఉక్కు గడ్డర్లు పరిచారు. మొత్తం పొడవు రెండు ముప్పావు కిలోమీటర్ల దాకా ఉంటుంది. 1953, 1986 సంవత్సరాల పెను వరదలు ఈ స్తంభాల మధ్య నుంచే సముద్రానికి పోయాయి. దాదాపు వందేళ్లు రైళ్లు మోసి, 1997లో పక్కనే కాంక్రీటు వంతెన వచ్చాక ఇది విశ్రాంతి తీసుకుంది. గోదావరి ఇక్కడ బల్లపరుపుగా పరుచుకుని పారుతుంది. అరకు లోయలాంటి ఎత్తు, గుండె ఝల్లుమనే అంచు ఇక్కడ దొరకవు. అయితే బడికి కావాల్సింది ఎత్తు కాదు. నిలబడి, తీరిగ్గా, దగ్గర్నుంచి చూసే వీలు కావాలి. అది అరకులో లేదు, ఇక్కడుంది.

ఏం చూడాలి? మొదట త్రిభుజం. నాలుగు కర్రల మంచం పట్టెల్ని మూలన పట్టుకుని లాగితే చట్రం పక్కకి ఒరిగిపోతుంది. మూల నుంచి మూలకి ఒక కర్ర కొడితే ఇక కదలదు. నాలుగు భుజాల చట్రం భుజాల పొడవు మారకుండానే ఆకారం మార్చుకోగలదు. త్రిభుజానికి అది సాధ్యం కాదు. ఉక్కు ట్రస్ రహస్యమంతా ఇంతే. కింది వరసకి, పై వరసకి మధ్య ఏటవాలు కడ్డీలతో త్రిభుజాలు అల్లుకుంటూ పోవడం. రెండు స్తంభాల మీద ఆనించిన గడ్డరు మీదికి బరువు వస్తే పై వరస నలుగుతుంది, కింది వరస సాగుతుంది. ఈ తేడా తెలిస్తే వంతెన మాట్లాడటం మొదలుపెడుతుంది. సాగే కడ్డీ సన్నటి పలకైనా ఫరవాలేదు, లాగితే అది నిటారవుతుంది. నలిగే కడ్డీ సన్నగా ఉంటే వంగిపోతుంది. అందుకే దాన్ని పలకలు కూర్చి, అడ్డపట్టీలు వేసి, పెట్టెలా లావుగా కడతారు. ఒక ఉక్కు గడ్డరులో ఏ కడ్డీ లావు, ఏది సన్నం, ఏ ఏటవాలు ఎటు వాలింది అని వరసగా చూస్తే, రైలు బరువు ఏ దారిన స్తంభంలోకి దిగుతుందో ఇంజనీరింగ్ చదవనివాడు కూడా వేలు పెట్టి చూపించగలడు. కాంక్రీటు ఈ భాగ్యం ఇవ్వదు. దాని లోపలి ఊచలు, తీగలు బయటికి కనిపించవు. ఉక్కు ట్రస్ ఒక్కటే తన లెక్కని బయట పెట్టుకుని నిలబడుతుంది.

తర్వాత గడ్డరు చివరలు చూడాలి. ప్రతి గడ్డరుకీ ఒక కొస బిగించి, రెండో కొస బేరింగు మీద కదలడానికి వదులుతారు. ఉక్కు ఎండకి సాగుతుంది. వేడి 30 డిగ్రీలు పెరిగితే 45.7 మీటర్ల గడ్డరు సుమారు 16 మిల్లీమీటర్లు పొడుగవుతుంది. ఆ కాస్త చోటు ఇవ్వకపోతే ఆ బలమంతా స్తంభం మీద పడుతుంది. చెత్త, తుప్పు పేరుకుని ఆ కదలిక బిగుసుకుపోతే పైన చెక్కుచెదరని వంతెనకి కింద జబ్బు మొదలైనట్టే. ఇక పక్కకి తిరిగితే, అదే నది మీద ఇంకో రెండు పాఠాలు సిద్ధంగా ఉన్నాయి. 1974లో తెరిచిన రోడ్డు కం రైలు వంతెనలో కింద రైలు, పైన రోడ్డు. ఎక్కువ గడ్డర్లు 91.5 మీటర్లవి, అంటే హేవ్‌లాక్ గడ్డరుకి రెట్టింపు. గడ్డరు పొడవుతో పాటు దాని ఎత్తూ పెరిగితే నిలువు కడ్డీలు పొడుగై వంగే ప్రమాదం వస్తుంది. అందుకే ప్రతి నిలువుకీ నడుమ దగ్గర రెండు ఏటవాలు కడ్డీలు వచ్చి కలిసేలా కట్టారు. దాన్నే కే ట్రస్ అంటారు. మూడోది 1997 నాటి కాంక్రీటు కమానుల వంతెన, ఒక్కో కమాను 97 మీటర్లు దాటుతుంది. వందేళ్లలో మనిషి ఒకే నదిని మూడు రకాలుగా దాటిన తీరు ఒక్క చోట నిలబడి పోల్చి చూడగలిగే ప్రదేశాలు ఎక్కువ ఉండవు.

ఇంత వివరం మామూలు జనానికి ఎందుకన్నది మొదటి అభ్యంతరం. వంతెన భద్రత ఇంజనీర్ల పని, ఉక్కులో అలసట వల్ల పుట్టే పగులు యంత్రాలకే సరిగ్గా దొరకదు, సందర్శకుడి కంటికి ఏం దొరుకుతుంది అంటారు. అందులో నిజముంది. కానీ చరిత్రలో పెద్ద ప్రమాదాల్ని వెనక్కి తిప్పి చూస్తే, చాలాచోట్ల లోపం ఎవరికో ఒకరికి ముందే కనిపించింది. స్కాట్లాండ్‌లో టే నది మీద వంతెన 1879 డిసెంబరు 28 రాత్రి తుఫానులో, మీద రైలు ఉండగా కూలింది. స్తంభాలని కట్టి ఉంచే ఇనుప పట్టీలు వదులై చప్పుడు చేస్తున్నాయని తనిఖీకి పెట్టిన మనిషికి ముందే తెలుసు. సందుల్లో ఇనుప ముక్కలు దూర్చాడు, పైవాళ్లకి చెప్పలేదు. అతనికి ఇనుప పనిలో అనుభవం లేదు. కెనడాలో క్యుబెక్ వంతెన 1907 ఆగస్టు 29న, కడుతుండగానే కూలి 75 మంది పనివాళ్లు చనిపోయారు. నలిగే కడ్డీలు వంగుతున్నట్టు అంతకుముందే గమనించారు, ఉత్తరాలు రాసుకున్నారు, అది పాత వంపా కొత్త వంపా అని వాదించుకున్నారు. పని ఆపాల్సిన సమయానికి ఆపలేదు. గుజరాత్‌లో గంభీరా వంతెన 2025 జులై 9న తెగి వాహనాలు మహీసాగర్ నదిలో పడ్డాయి. దాని పరిస్థితి గురించి స్థానికులు అంతకుముందే ఫిర్యాదులు చేశారు.

ఈ మూడూ చూస్తే, జనానికి వంతెన అర్థమైతే చాలు ప్రమాదాలు ఆగిపోతాయన్న మాట నిలవదు. గంభీరా దగ్గర జనం చూశారు, చెప్పారు, అయినా కూలింది. చూసినది నమోదు కావాలి, నమోదైనది అందరికీ కనిపించాలి, జవాబు చెప్పాల్సిన మనిషెవరో తెలియాలి. ఈ మూడు మెట్లలో మొదటిదాన్ని జనం ఎక్కకపోతే మిగతా రెండిటినీ ఎవరూ అడగరు. 'బ్రిడ్జి ఊగుతోంది' అనే ఫిర్యాదుని పక్కన పెట్టడం తేలిక. 'రెండో స్తంభం మీద బేరింగు తుప్పు పట్టి కదలడం లేదు, దాని పైన శ్లాబు పగులు నిరుటికంటే పెరిగింది' అనే ఫిర్యాదుని పక్కన పెట్టడం అంత తేలిక కాదు. రైల్వేలో ప్రతి వంతెనకీ ఒక నంబరు, ఒక రిజిస్టరు ఉంటాయి. ఏటా వానాకాలం వెళ్లాక ఇంజనీరు చూసి రాయాలన్నది నియమం. రోడ్డు వంతెనలకీ తనిఖీ మార్గదర్శకాలు ఉన్నాయి. అయితే తనిఖీ రిజిస్టరులో రాసినది ఆ వంతెన మీద తిరిగేవాళ్ల కంట పడదు. అడగడం తెలిసిన జనం ఉంటేనే ఆ రిజిస్టరు బయటికి వస్తుంది.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. పాత వంతెన మీదికి జనాన్ని తోలడమే ప్రమాదం కదా? మోర్బీలో 2022 అక్టోబరు 30న పండగ రద్దీతో నిండిన పాత వేలాడే వంతెన తెగి 130 మందికి పైగా చనిపోయారు. 2025 జూన్ 15న పుణె దగ్గర కుండ్‌మలాలో ఇంద్రాయణి నది మీది పాత ఇనుప కాలిబాట వంతెన, వరద చూడటానికి ఎక్కిన పర్యాటకుల బరువుకి కూలింది. భయం సహజమే. దానికి జవాబు అమెరికాలో రెండు వంతెనల్లో దొరుకుతుంది. హడ్సన్ నది మీద 1889లో తెరిచిన పోకిప్సీ రైలు వంతెన, నీటికి 65 మీటర్ల ఎత్తున, 1974 అగ్నిప్రమాదం తర్వాత పాడుబడింది. మరమ్మతు చేసి 2009లో నడక దారిగా తెరిచారు. రెండు కిలోమీటర్లకి పైగా పొడవున్న ఆ దారి ఇప్పుడు ఆ ఊళ్లకి పెద్ద ఆకర్షణ. పెన్సిల్వేనియాలో కిన్‌జువా వంతెనది వేరే కథ. లోయకి 92 మీటర్ల ఎత్తున నిలిచిన ఆ ఉక్కు వంతెనని ప్రభుత్వ పార్కులో ఉంచారు. 2002లో తుప్పు బయటపడగానే జనాన్ని ఆపేశారు. మరమ్మతు నడుస్తుండగా 2003 జులై 21న సుడిగాలి కొట్టి 20 టవర్లలో 11 పడిపోయాయి. 1882 నాటి పాత లంగరు బోల్టులే 1900లో కట్టిన కొత్త వంతెనకీ వాడారని, అవి తుప్పుపట్టి ఉన్నాయని తర్వాత తేలింది. ముందే మూసేయడంతో ఒక్కరికీ ఏమీ కాలేదు. మిగిలిన టవర్ల మీద 2011లో నడక దారి తెరిచి, కూలిన ఇనుముని లోయలో అలాగే ఉంచి చూపిస్తున్నారు.

మోర్బీకీ కిన్‌జువాకీ మధ్య తేడా తనిఖీ, దాన్ని బట్టి తలుపు మూసే ధైర్యం. రైలు ఇంజను బరువుకి కట్టిన గడ్డరుకి నడిచే మనుషులు పెద్ద భారం కాదు. ప్రమాదం తుప్పులో, బోల్టులో, బేరింగులో ఉంటుంది. గడ్డర్లని లోహ పరీక్షలతో చూడకుండా, ఒకేసారి ఎందరిని పంపాలో తేల్చకుండా హేవ్‌లాక్ మీదికి సందర్శకుల్ని పంపకూడదు. తెరిచే ముందు పరీక్ష, తెరిచాక ఏటా పరీక్ష, అనుమానం వస్తే మూత. ఆ ఫలితాన్ని ప్రవేశద్వారం దగ్గరే బోర్డు మీద రాసి పెడితే సందర్శన అక్కడే మొదలవుతుంది. సందర్శకుడు చదివే మొదటి పాఠం, వంతెన బలం కట్టినరోజు ముగిసేది కాదని.

మూడో అభ్యంతరం చోడవరం వైపు నుంచి వస్తుంది, అది అన్నిటికంటే న్యాయమైనది. బతికున్న వంతెనలకి దిక్కులేదు, చచ్చిన వంతెనకి కోట్లా? తాచేరు మీద వంతెన కోసం ఎదురుచూసే రైతుకి గోదావరి మీద నడక దారి వెటకారంలా వినిపిస్తుంది. ఇంకొందరు తెల్లదొర పేరున్న వంతెనని పూజించాలా అని అడుగుతారు. రెండోదానికి జవాబు చిన్నది. గవర్నర్ పేరు పెట్టారు గానీ, పునాదులు దించిన, రివెట్లు కొట్టిన కూలీల పేరు పెట్టలేదు. వాళ్ల పనితనం మాత్రం ఆ ఉక్కులోనే ఉంది. వంతెనని నిలబెట్టడం ఆ పనిని నిలబెట్టడమే. మొదటిదానికి జవాబు లెక్కల్లో ఉంది. పర్యాటకం డబ్బు, రోడ్ల డబ్బు వేరువేరు ఖాతాలు. హేవ్‌లాక్‌ని వదిలేసినంత మాత్రాన ఆ సొమ్ము వడ్డాదికి రాదు. రైతు కోపాన్ని ఈ జవాబు చల్లార్చదు, చల్లార్చకూడదు కూడా. పర్యాటకం పేరుతో పెట్టే ఖర్చు దీపాలకీ రంగులకీ ఫుడ్ కోర్టుకీ మాత్రమే పోతే ఆ రైతు కోపం నూటికి నూరుపాళ్లు సరైనదే. ఆ ఖర్చు జనానికి వంతెన చదవడం నేర్పితే, అందులో రైతుకీ వాటా ఉంటుంది.

అందుకని ఏం చేయాలో స్పష్టంగా అడగాలి. 56 గడ్డర్లలో కొన్నిటినైనా అలంకారాలు లేకుండా, ఉక్కు ఉక్కులా కనిపించేలా వదలాలి. ఏ కడ్డీ నలుగుతుంది, ఏది సాగుతుంది అన్నది రెండు రంగుల్లో గుర్తుపెట్టిన గడ్డరు ఒకటి చాలు, బడి పిల్లలకి ఏడాది పాఠం అక్కడే దొరుకుతుంది. గడ్డరు చివర బేరింగుని కిందికి దిగి చూసే మెట్లు కావాలి. పక్కనున్న రెండు వంతెనలతో పోల్చి చూపే తెలుగు ఫలకం కావాలి. ఇవేవీ పెద్ద ఖర్చులు కావు. విశాఖ వైపు నుంచి అరకు వెళ్లే రైల్లో కూడా, వంతెన వచ్చే ముందు దాని నంబరు, స్తంభాల ఎత్తు, కట్టిన ఏడు ఒక ప్రకటనగా వినిపిస్తే లోయతో పాటు వంతెన కూడా ప్రయాణంలోకి వస్తుంది.

చివరి కోరిక చోడవరానిదే కావాలి. బీఎన్ రోడ్డు మీద, జిల్లాలో ప్రతి రోడ్డు వంతెన మీద, రెండు కొసల్లో ఒక బోర్డు పెట్టాలి. కట్టిన సంవత్సరం, మోయగలిగిన బరువు, ఆఖరి తనిఖీ తేదీ, చూసిన అధికారి హోదా, తర్వాతి తనిఖీ ఎప్పుడన్నది. ఐదు వరసల బోర్డు. గోదావరి మీద పాత వంతెన చూసొచ్చిన పిల్లవాడు ఊరికొచ్చాక వెతికేది ఆ బోర్డే అయితే, దాని మీద తేదీ మూడేళ్ల పాతదని పంచాయతీ సమావేశంలో నిలదీసేది వాళ్ల నాన్నే అయితే, హేవ్‌లాక్ మీద పెట్టిన ప్రతి రూపాయికీ లెక్క దొరికినట్టే. ఆ అడగడం మొదలైన ఊళ్లో ఏ వంతెనైనా చెప్పాపెట్టకుండా కుంగడం కష్టం.